ఇంకేమైనా చెప్పేది ఉందా

పికప్ డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుంటే లోకం ఎంతో బాగుంటుందని చిన్నదానికి ఆరోజే తెలిసింది. ముక్కుకి బెత్తెడు దూరంలో కొత్తగా వేలాడదీసిన రేడియో సెట్టు వీపు, చెవి పక్కన తీగలు, కాస్త అవతల బ్రేకు పెడలు, దాని మీద అమ్మ చెప్పుల మట్టి. ఇంతే లోకం, ఇందులో మనుషులు లేరు. మనుషులున్న లోకం తలుపు బయట ఉంది. చిన్నదాని కాళ్ళు మాత్రం ఇంకా అక్కడే ఉండిపోయాయి కనుక దారిన పోయేవాళ్ళు ఆ కాళ్ళనే పలకరిస్తున్నారు. ఏమ్మా, బండి పాడయిందా అని ఒకరు. మీ అమ్మ లేదా, మా ఆఫీసుకి రెండు క్యాన్లు కావాలి అని ఇంకొకరు. కాళ్ళు ఏం జవాబు చెప్తాయి, బొటనవేళ్ళు రెండూ సిగ్గుతో ముడుచుకున్నాయి అంతే. చివరికి వాటిని లోపలికి లాక్కుని, మోకాళ్ళు గడ్డం దాకా మడిచి, తలుపు మూసేసుకుంది. అద్దాలు ముందే ఎక్కించి ఉన్నాయి. అయిదింటికి రేడియోలో హాజరు పిలుస్తారు. అయిదింటికి నోరు తెరవాలి. తెరవకపోతే రేపు పొద్దున ఈ సెట్టు ఇక్కడ ఉండదు, ఎందుకంటే ఆ మాట అన్నది అమ్మ, అమ్మ అన్నంత పనీ చేసే మనిషి.

బండి అమ్మది. మంచినీళ్ళ క్యాన్లు ఎక్కించుకుని ఆఫీసులకీ కొట్లకీ మూడో అంతస్తు ఇళ్ళకీ వేసే బండి, దాన్ని కడిగినంత శ్రద్ధగా చిన్నప్పుడు పిల్లని కూడా కడగలేదని అమ్మమ్మ అంటుంది. ఆ బండిలో రేడియో పెడతానని మామయ్య వచ్చాడు. మామయ్య అమ్మకి తమ్ముడు, కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, అది పొట్ట కోసం. ప్రాణం కోసం డాబా మీద గదిలో రేడియో పెట్టుకుని ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడతాడు. ఏం మాట్లాడతారంటే, నా గొంతు ఎలా వినబడుతోంది అని వాళ్ళు, దివ్యంగా వినబడుతోంది, నాది ఎలా ఉంది అని ఈయన. ఈ సంబడానికి పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. మామయ్య రెండోసారికి గట్టెక్కాడు. చిన్నది ఆయన పుస్తకాలే చదివి మొదటిసారే గట్టెక్కింది, ఆ సంగతి మామయ్య లోకమంతా చెప్పుకున్నాడు, తన సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దన్నాడు. లైసెన్సుతో పాటు కాల్ సైన్ వచ్చింది, అంటే గాలిలో మన పేరు. అక్షరాలు తప్పుగా వినబడకుండా ఒక్కో అక్షరానికీ ఒక్కో మాట ఉంటుంది, ప్రపంచమంతా అవే మాటలు. చిన్నదాని పేరు చివర వచ్చినవి విస్కీ, టాంగో, విస్కీ. అది వంటింట్లో సాధన చేస్తుంటే అమ్మ గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఒకటి మందు, ఒకటి డాన్సు, మళ్ళీ మందు, ఆడపిల్లకి ఇదేం పేరురా అని తమ్ముణ్ణి నిలదీసింది. పైవాళ్ళు ఇచ్చింది అక్కా, మనం ఎంచుకునేది కాదు అన్నాడు ఆయన. పైవాళ్ళకి పిల్లలు లేరా అంది అమ్మ.

వానలు ముదిరి ఫోన్లు పడిపోయినప్పుడు ఊరంతా తిరిగే బండిలో రేడియో ఒకటుంటే మేలని రేడియో సంఘం వాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు. అమ్మ బండి వెళ్ళని వీధి లేదు. అమ్మ పక్క సీట్లో కూర్చుని, మైకు పట్టుకుని, ఫలానా చోట రోడ్డు మునిగింది, ఫలానా చోట మనుషులు క్షేమం అని చెప్పే పిల్ల ఒకతె చిన్నదాని తలకాయలో చాలాకాలంగా కూర్చుని ఉంది. ఆ పిల్ల తడబడదు. ఆ పిల్లకి గొంతు ఉంది. తలకాయ బయట ఉన్న పిల్లకి లైసెన్సు వచ్చి ఇన్నాళ్ళయినా మైకు మీట ఒక్కసారి నొక్కే ధైర్యం రాలేదు. ప్రతి ఆదివారం మామయ్య డాబా మీద కూర్చుని హాజరు వింటుంది, తన పేరు పిలిచినప్పుడు మామయ్య మైకు మూతి ముందుకి తోస్తాడు, అది నీళ్ళు నములుతుంది, ఆయనే మీట నొక్కి, ఉందండీ, వింటోందండీ అంటాడు. ఈ సంగతి అమ్మకి చేరింది. నిన్న యాంటెనా పట్టుకుని మామయ్య బండి దగ్గరికి రాగానే అమ్మ చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడింది.

"నా బండిలో ఆ డబ్బా ఉండాలంటే అది మాట్లాడాలి. నువ్వు కాదురా, నీ నోరు ఎలాగూ మూతపడదు. అది. రేపు హాజరులో దాని గొంతు వినబడితే డబ్బా ఉంటుంది. లేకపోతే ఎల్లుండి నేను క్యాన్లు ఎక్కించేలోపు ఊడదీసి పట్టుకుపో. ఇంకోటి, నా బండికి ఒక్క చిల్లు పడిందో, నీ డాబాకి నేను చిల్లు పెడతా."

చిల్లు అక్కర్లేదక్కా, ఇది అయస్కాంతం యాంటెనా, అడుగున పళ్ళెమంత అయస్కాంతం ఉంటుంది, బండి కప్పు మీద పెడితే చాలు, పిడుగు పడ్డా కదలదు అని మామయ్య గొప్పగా చెప్పి, కప్పు మధ్యలో పెట్టి చెయ్యి తీశాడు. అది పిడుగు కోసం ఆగలేదు. జారి అద్దం మీదికి వచ్చి, అక్కణ్ణుంచి బానెట్టు మీదికి దిగి ఆయన కాలి మీద పడింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ దిగింది. ఇనుము కదా అని వేలితో కొట్టి చూశాడు. పక్కన ఠంగ్ మన్న కప్పు నడిమధ్యలో ధబ్ అంది. అమ్మ అటువైపు తిరిగి, ఎవరూ అడక్కపోయినా, క్యాన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చివరికి యాంటెనా ఓ పక్కన, తలుపు పైన, వంకరగా నిలబడింది. మధ్యలో ఎందుకు నిలబడలేదో ఆ వీధిలో ఇద్దరికే తెలుసు. ఒకరు అమ్మ. రెండోవాళ్ళు ఆరోజు పక్క సీట్లో కూర్చున్న చిన్నది.

ఇవాళ మధ్యాహ్నం అంతా తీగలతోనే గడిచింది. బ్యాటరీ దగ్గర్నుంచి ఎర్ర తీగా నల్ల తీగా తెచ్చి, ఫ్యూజు వేసి, ఇంజను గోడలో రబ్బరు బుష్ పక్కనుంచి లోపలికి దూర్చారు. మామయ్య అటునుంచి తోస్తే చిన్నది ఇటునుంచి లాగింది, వచ్చిందా అని ఆయన, రాలేదు అని ఇది, వచ్చిందా అని ఆయన, అది నా వేలు మామయ్యా అని ఇది. నాలుగున్నరకి సెట్టు వెలిగింది. స్స్‌స్ మని జల్లు కురిసినట్టు చప్పుడు వచ్చింది, గాలిలో ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే చప్పుడు. మామయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఇక నేను మా డాబా మీదికి పోయి అక్కణ్ణుంచి నిన్ను పిలుస్తాను అమ్మడూ, నువ్వు ఈలోగా బ్రాకెట్టు మరలు రెండు బిగించి, తీగలు కట్టేసి, సిద్ధంగా ఉండు, మైకు జాగ్రత్త, దానికి కొక్కెం ఇంకా బిగించలేదు, పడితే పగులుతుంది, పసిబిడ్డలా చూసుకో అని చెప్పి స్కూటరెక్కాడు. చిన్నది పసిబిడ్డలాగే చూసుకుంది. మైకుని డ్రైవరు సీటు మీద పడుకోబెట్టింది. బండి వాలులో ఉంది కాబట్టి జారకుండా, అమ్మ ఎత్తు కోసం వేసుకునే కుషను దాని మీద కప్పింది. కుషను జారకుండా స్పానర్ల సంచీ బరువు పెట్టింది. మూతి మాత్రం బయటికి ఉంచింది. ఊపిరాడాలి కదా అనిపించింది, ఎందుకనిపించిందో తెలియదు. తర్వాత సెట్టు మొహానికి తొడుగు వేసింది. తొడుగు అమ్మ కుట్టింది, పాత కర్టెను గుడ్డతో, గులాబీ పూలవి. రేపు ఊడదీయిస్తానన్న సెట్టుకి ఇవాళ తొడుగు కుట్టడం ఏమిటని ఎవరూ అడగలేదు, అమ్మ ఫ్రిజ్‌కీ మిక్సీకీ టీవీకీ రిమోటుకీ తొడుగులు కుట్టే మనిషి, దుమ్ము పడే వస్తువు కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు.

అప్పుడు డాష్‌బోర్డు కిందికి దూరింది. కాసేపటికి గమనించింది, జల్లు చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో తెలియదు. మరీ మంచిది, ప్రశాంతంగా ఉంది అనుకుంది మొదట.

ఎవరూ లేనప్పుడు చిన్నదాని నోటికి సెలవుండదు, ఇది ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి. అందరి ముందూ గొంతులో అడ్డం పడేదంతా ఒంటరిగా ఉంటే కుళాయి తిప్పినట్టు వస్తుంది. మరకి వాషరు దొరక్కపోతే వాషర్ని తిడుతుంది, దొరికితే బుజ్జగిస్తుంది. ఇప్పుడూ అంతే. రావే, నిన్నేగా వెతుకుతున్నాను, ఎక్కడ దాక్కున్నావు, అంటూ ఒక మర బిగించింది. రెండోది బిగిస్తూ సాధన మొదలుపెట్టింది. విస్కీ టాంగో విస్కీ. మరీ సన్నగా ఉంది, దోమలా ఉంది. విస్కీ టాంగో విస్కీ. ఇది రైల్వే స్టేషనులో చెప్పినట్టుంది. అమ్మ క్యాన్ల వాళ్ళతో ఫోనులో మాట్లాడే గొంతుతో అంటే ఎలా ఉంటుంది. విస్కీ టాంగో విస్కీ, ఖాళీ క్యాన్లు రెండు ఇవ్వాలి మీరు, గుర్తుందా. నవ్వొచ్చింది. పొట్ట ఊగి, నుదురు సెట్టుకి తగిలింది.

కంట్రోలు పెద్దాయన గుర్తొచ్చాడు. హాజరు పిలిచేది ఆయనే. ఆయన్ని ఎవరూ చూడలేదు, గొంతే ఆయన. చిన్నదాని ఊహలో ఆయనకి తెల్ల మీసం, మెడలో మఫ్లరు, చేతిలో బెత్తం ఉన్నాయి, ఎందుకంటే ఊళ్ళో బడిలో లెక్కల మాస్టారికి అవన్నీ ఉండేవి. పెద్దాయన మొదట ఒకసారి దగ్గుతాడు. స్పష్టంగా, క్లుప్తంగా, ఒకరి తర్వాత ఒకరు అంటాడు. మళ్ళీ దగ్గుతాడు. ఆ దగ్గు మామూలు దగ్గు కాదు, ట్రాక్టరు స్టార్టయ్యే ముందు చేసే ఆలోచన. చిన్నది ఆ దగ్గు మూడు రకాలుగా దగ్గి చూసింది, మూడోది అచ్చం ఆయనే. హాజరు పలికిన ప్రతివాళ్ళనీ చివర్లో ఆయన ఒక ప్రశ్న అడుగుతాడు, ఇంకేమైనా చెప్పేది ఉందా అని. అందరూ ఒకటే జవాబు, ఏమీ లేదండీ. ఇన్ని వారాల్లో ఒక్కరైనా ఉంది అనలేదు. మామయ్య కూడా ఆ మాట అడగ్గానే ఏమీ లేదండీ అనేస్తాడు, అంతటి మామయ్యకే ఏమీ లేకపోతే ఇంకెవరికి ఉంటుంది. డాబా మీద మోకాళ్ళు చుట్టుకుని వింటూ చిన్నది మాత్రం ప్రతిసారీ లోపల అంటుంది, ఉందండీ, చాలా ఉంది.

మామయ్య ఇంకా పిలవలేదేమిటి. మామయ్య కుర్చీలో వెనక్కి వాలితే అంతే సంగతులు, నోరు తెరుచుకుని గురక పెడతాడు, ఆ గురక రెండిళ్ళ అవతలికి రేడియో లేకుండానే చేరుతుంది. నడిసముద్రంలో ఓడవాడితో మాట్లాడానని చెప్తాడు గానీ అది ఓడ కాదు, ఊరి చివర చేపల చెరువు కాపలాదారు, చిన్నది పక్కనే కూర్చుని వింది. పోన్లే పాపం, నీళ్ళైతే నీళ్ళే. రెండో మర బిగిసింది. చెయ్యి వేస్తే సెట్టు వీపు వెచ్చగా ఉంది. వెచ్చగా ఏమిటి, జ్వరం వచ్చిన పిల్ల నుదురులా ఉంది. ఎండకి కాబోలు. అయినా చప్పుడు లేదు. హాజరుకి ముందు నలుగురైదుగురు గలగలలాడతారే, వాళ్ళేరి. తీగ పట్టుకుని ఊపి చూసింది. ఫ్యూజు వైపు తడిమి చూసింది. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. యాంటెనా కిందికి దిగిపోయిందేమో, అది నిలబడితే కదా. నిలబడదు, ఎలా నిలబడుతుంది, కప్పు మధ్యలో ఉన్నది ఇనుమా ఏమన్నానా, బెత్తెడు మందం లప్పం. ఆ రోజు ఆఫీసు గేటు దూలం కింద నుంచి బండి పడుతుందని అమ్మ, పట్టదని నేను, పడుతుందని అమ్మ. బండి పట్టింది, కప్పే పట్టలేదు. ఆ సొట్టలో పావు క్యాను నీళ్ళు నిలిచేవి. టింకరింగు షెడ్డులో లప్పం పెట్టించి, రంగు వేయించి, నాన్నకి చెప్పావంటే చూడు అని నాకు రెండు ఐస్‌క్రీములు. నాన్న ఇప్పటికీ మీ అమ్మలా బండి నడిపేవాళ్ళు లేరమ్మా అంటుంటే ఈవిడ తల దించుకుని వినయం నటిస్తుంది. ఇదంతా తనలో తను అనుకుందో, పైకి అందో, దానికే తెలియదు. ఎవరూ లేనప్పుడు ఆ రెండింటికీ మధ్య గోడ ఉండదు మరి.

అద్దంలోంచి పడే వెలుగు బ్రేకు పెడలు మీదనుంచి జరిగి సీటు అంచుకి ఎక్కింది. గడియారం లేదు, ఫోను కావాలనే ఇంట్లో వదిలేసి వచ్చింది, మోగితే పలకాలని. కానీ పక్కనే అమ్మ క్యాన్లు నింపే నీళ్ళ ప్లాంటు మోటారు ఆగిపోయింది, అమ్మ దాన్ని రోజూ అయిదింటికి ఆపుతుంది. అంటే అయిదు అయిపోయింది. అంటే పెద్దాయన దగ్గేసి ఉంటాడు. అంటే సెట్టు చచ్చింది. చిన్నదాని ఒంట్లో మొదట వచ్చింది హాయి, దాచుకోవడానికి ఏముంది, వేళ్ళ చివరల దాకా హాయి. తప్పు నాది కాదు, సెట్టుది. గొంతు పెగలక కాదు, తీగ కలవక. బళ్ళో పద్యం చెప్పమని స్టేజీ ఎక్కించిన రోజు కూడా ఇలా కరెంటు పోయి ఉంటే ఎంత బాగుండేది. పోలేదు. మొదటి పాదం చెప్పింది, రెండో పాదం ఎగిరిపోయింది, మళ్ళీ మొదటి పాదమే చెప్పింది, మళ్ళీ, మళ్ళీ, గీత పడ్డ సీడీలాగా. ముందు వరుసలో ఒకడు కాలితో తాళం వేశాడు. అప్పట్నుంచి నోట్లోంచి మాట వచ్చేముందు ఆ కాలు కనబడుతుంది, తాళం వేయడానికి సిద్ధంగా, బూటు లేసుతో సహా. రేడియోలో కాళ్ళు కనబడవు కదా అనే చిన్నది ఆ పుస్తకాలు చదివింది. గాలిలో మొహాలుండవు, వరుసలుండవు. అక్కడైనా మాట్లాడదామనే. రేపు ఈ సెట్టు పోతుంది, గులాబీ తొడుగు మాత్రం మిగులుతుంది, అమ్మ దాన్ని మిక్సీకి తొడుగుతుంది. హాయి ఎటు పోయిందో పోయింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి, వెల్లకిలా పడుకుని ఏడిస్తే ఇదొక అవస్థ.

నాకు మాట్లాడాలనే ఉంది అంది చిన్నది, సెట్టు వీపుతో. ఎవరూ నమ్మరు గానీ నాకు మాట్లాడాలనే ఉంది. అమ్మ పక్క సీట్లో కూర్చుని వీధులన్నీ చెప్పాలని ఉంది. నేను చెప్తుంటే అమ్మ బండి నడుపుతూ విననట్టు వినాలని ఉంది. నువ్వు కాస్త బతికి ఉంటే నీ సొమ్మేం పోయింది.

సెట్టు పలకలేదు. బయట స్కూటరు పలికింది, బ్రేకు కీచుమంది, ఏదో కిందపడింది, స్కూటరే అయ్యుంటుంది. తలుపు తెరుచుకుంది. మామయ్య. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు. నోరు తెరిచాడు గానీ మాట లేదు, వేలు నోటి మీద పెట్టుకుని ఉష్ అంటున్నట్టు, అదే వేలితో సీటు చూపిస్తున్నట్టు, రెండు పనులూ ఒకేసారి చేస్తున్నాడు. చిన్నది మామయ్య ఇంత నిశ్శబ్దంగా ఉండగా పుట్టాక చూడలేదు. ఆయన వంగి స్పానర్ల సంచీ ఎత్తాడు. కుషను ఎత్తాడు. కుషను కింద మైకు, దాని మీట మీద సంచీ బరువంతా ఇందాకటి నుంచి. మీట పైకి లేచీ లేవగానే సెట్టులోంచి జల్లు చప్పుడు జోరున కురిసింది.

మైకు మీట నొక్కి ఉన్నంతసేపు సెట్టు ఏం చేస్తుంది. పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది. పంపుతుంది, వినదు. చిన్నది దానికి పూర్తి మార్కులు తెచ్చుకుంది. వెచ్చబడుతుంది, అది కూడా పుస్తకంలో ఉంది. ఎర్ర దీపం వెలుగుతుంది, అది గులాబీ పూల వెనకాల వెలిగింది. చిన్నది లెక్క వేసుకుంది. ఏది పైకి అంది, ఏది లోపల అనుకుంది. వాషరు. వాషరు పైకే. దోమ గొంతు, రైల్వే స్టేషను, పైకే. దగ్గు. దగ్గు లోపల దగ్గడం ఎవరి వల్లా కాదు. గురక, చేపల చెరువు. ఓడ. బడి, బూటు లేసు, అది లోపలే కదా, లోపలే అయ్యుండాలి. సొట్ట. మామయ్య మొహంలోకి చూసింది, అక్కడ సొట్ట స్పష్టంగా కనబడుతోంది.

మామయ్య సీటు అంచున కూలబడి మెల్లగా చెప్పాడు. నాలుగున్నర దాటినప్పట్నుంచీ నీ గొంతే. మొదట్లోనే బయల్దేరబోయాను, మీ నాన్న నా చొక్కా పట్టుకున్నాడు. నాన్న అక్కడెందుకున్నాడు అంటే, నువ్వు మొదటిసారి మాట్లాడతావు కదా, వినాలని చెప్పకుండా వచ్చి కూర్చున్నాడు, అమ్మమ్మ కూడా మెట్లెక్కి వచ్చింది. ఇలా అయితే సెట్టు కాలిపోతుంది బావా అన్నాను. మీ నాన్న ఏమన్నాడో తెలుసా.

"కాలితే కాలనీరా. దాని గొంతు ఇంతసేపు నేనెప్పుడూ వినలేదు. కూర్చో."

సొట్ట దగ్గర మీ నాన్న కుర్చీలోంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు, పడీపడీ నవ్వాడు అన్నాడు మామయ్య. చివర్లో ఏడిచావు చూడు, అప్పుడు ఆయనే చొక్కా వదిలి, పరుగెత్తు అన్నాడు. అయితే అమ్మడూ, గురక సంగతి వదిలెయ్, ఆ చెరువు సంగతి ఎందుకే అందరికీ. నేను ఓడ అని నమ్మే మాట్లాడాను.

ఈలోగా అమ్మ ప్లాంటు షట్టరు దించి, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె ఏమీ వినలేదు, మోటారు పక్కన ఉంది. తమ్ముడి ఒంటి చెప్పు చూసింది, పడున్న స్కూటరు చూసింది, కూతురి చెవుల దాకా ఉన్న తడి చూసింది. మాట్లాడిందా అని ఒక్క ముక్క అడిగింది. మామయ్య ఏ అబద్ధం సరిపోతుందో అని వెతుక్కుంటుండగా జల్లు చప్పుడు ఠక్కున ఆగింది. సెట్టులో ఎవరో దగ్గారు.

"మైకు దొరికినట్టుంది. సంతోషం. ఇలాంటప్పుడు అందరం రెండో ఛానలుకి మారాలని నియమం. ఇవాళ ఒక్కరూ మారలేదు, ఎందుకు మారలేదో నేను అడగను, నేనూ మారలేదు. విస్కీ టాంగో విస్కీ, మీ సిగ్నలు దివ్యంగా ఉంది. తెరిచి ఉన్న మైకుని హాజరుగా రాసుకోను. మీట నొక్కి, పేరు చెప్పాలి. స్పష్టంగా, క్లుప్తంగా."

మైకు చిన్నదాని చేతిలోకి ఎలా వచ్చిందో దానికి గుర్తు లేదు. బూటు లేసుతో సహా ఆ కాలు కనబడింది. వీళ్ళందరూ ఇప్పటికే వినేశారు, వాషర్ని బుజ్జగించడం విన్నారు, ఇంక తాళం వేయడానికి ఆ కాలికి ఏం మిగిలింది అనిపించింది. నిజంగానే ఏం మిగల్లేదు. కాలు కాసేపు అలాగే ఉండి, పని లేక, వెళ్ళిపోయింది. చిన్నది గులాబీ తొడుగు ఎత్తి మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. విస్కీ టాంగో విస్కీ, బండిలోంచి, హాజరు అంది. దోమ గొంతూ కాదు, రైల్వే స్టేషనూ కాదు. ఇది ఎవరి గొంతు అని అదే ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది.

హాజరు రాసుకున్నాను అన్నాడు పెద్దాయన. మరొక సంగతి, నా దగ్గు అలా ఉండదు అని, అచ్చం అలాగే దగ్గాడు. ఎక్కడెక్కడో గదుల్లో నవ్వులు వినిపించవలసింది, రేడియోలో ఒకరి మీద ఒకరు పడితే వినబడవు కాబట్టి బరబరా ఒక గోల మాత్రం వచ్చింది. అందులో ఒక గొంతు విడివడి, మామయ్య డాబా మీంచి, లైసెన్సు లేని మనిషి మైకు ముట్టుకోకూడదన్న నియమాన్ని తుంగలో తొక్కి, ఇంటికి రమ్మను మీ అమ్మని, గేటు దూలం సంగతి మాట్లాడాలి అంది. నాన్న.

అమ్మ సెట్టు వైపు చూసింది. తమ్ముడి వైపు చూసింది. ఆయన చెప్పులేని కాలిని తీరిగ్గా పరీక్షించుకుంటున్నాడు. కూతురి వైపు చూసింది, దానికి మొహం దాచుకోవడానికి కుషను తప్ప ఏమీ దొరకలేదు. ఊరంతా విందా అని అడిగింది. సంఘంలో ఉన్నవాళ్ళే అక్కా, మహా అయితే పాతికమంది అన్నాడు మామయ్య. అమ్మ తమ్ముణ్ణి సీటు మీద పక్కకి జరిపింది. తర్వాత కుషను లాక్కుని, రెండుసార్లు దులిపి, సీటు మీద వేసుకుని కూర్చుంది. తల ఎత్తి కప్పు వైపు చూసింది, లోపలి నుంచి చూస్తే సొట్ట ఇంకా తెలుస్తుంది, పొట్ట కిందికి వేలాడినట్టు.

"ఒరేయ్, ఆ వంకర కర్ర తీసెయ్. మధ్యలో చిల్లు పెట్టి సరిగ్గా బిగించు. ఎలాగూ అక్కడ ఉన్నది లప్పమే కదా."

మామయ్య డ్రిల్లు తెస్తానని లేచి, స్కూటరు ఎక్కడుందో మర్చిపోయి దాని మీంచే నడిచాడు. సెట్టులో పెద్దాయన ఇంకా లైను మీదే ఉన్నాడు. విస్కీ టాంగో విస్కీ అన్నాడు, దగ్గాడు, ఇంకేమైనా చెప్పేది ఉందా అన్నాడు.

చిన్నది అమ్మ వైపు చూసింది. అమ్మ రోడ్డు వైపు చూస్తూ, స్టీరింగు మీద లేని దుమ్ము తుడుస్తూ, ఈసారి నా బండి సంగతులు వద్దు అంది.

చిన్నది మీట నొక్కింది.

"ఉందండీ."